విడి సంగతులు, ఒక్క ఊహ



భాషాశాస్త్రవేత్త ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి స్మృతికి అంకితమైన సభలో మాట్లాడమన్నప్పుడు సంతోషంతో పాటు బరువూ కలిగింది. 1928లో ఒంగోలులో పుట్టిన ఆయన 2012లో హైదరాబాదులో కన్నుమూశారు. 1961లో వెలువడ్డ ఆయన తెలుగు ధాతువుల గ్రంథం ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనానికి కొత్త దారి వేసింది. 2003లో కేంబ్రిడ్జి ప్రచురించిన ‘ది ద్రవిడియన్ లాంగ్వేజెస్’ ఆ దారిలో ఒక మహా మజిలీ. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖకు పునాది వేశారు. హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేశారు. అంతటి పండితుడైనా రైతు నాగలి భాగాలకు ఏ జిల్లాలో ఏ మాట వాడతాడో అడిగి రాయించడం చిన్న పని అనుకోలేదు. మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం అలా వచ్చిందే.

పొలం గట్టు మీద ఒక్కొక్క మాట ఏరుకునే ఓపికా, వేల మాటలను ఒక సూత్రం కిందికి తెచ్చే చూపూ ఒకే మనిషిలో ఉండటం అరుదు. ఆయనలో ఈ రెండూ ఉన్నాయి. ఇవాళ నేను ఆ రెండింటి మధ్య జరిగే పని గురించే మాట్లాడతాను. విడివిడిగా పడి ఉన్న సంగతులను మనసు ఒక్క ఊహతో ఎలా కడుతుంది? ఆ కట్టు నిజమైనదని ఎలా తెలుస్తుంది? ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. మన భాష ఎవరి తోబుట్టువో తెలుసుకున్న కథే చాలు.

1. అందరి కళ్ల ముందూ ఉన్నవే

పందొమ్మిదో శతాబ్దం తొలి రోజుల మద్రాసును ఊహించుకోండి. తమిళం, తెలుగు ఒకే వీధిలో వినిపించే ఊరు. తెలుగువారి ‘కన్ను’ తమిళులకు ‘కణ్’ అనీ, మన ‘పాలు’ వారికి ‘పాల్’ అనీ, మన ‘పులి’ వారికీ పులే అనీ ఆ వీధిలో కూరగాయలు కొనేవారికి కూడా తెలుసు. మన వ్యాకర్తలకు ఇంకా లోతైన సంగతి తెలుసు. తెలుగు మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని విడదీయడం అప్పటికే పాత సంప్రదాయం. సంస్కృతం నుంచి రాని మాటలు తెలుగులో ఉన్నాయని చెప్పడానికి బయటివారు రావలసిన అవసరం లేకపోయింది.

అయినా 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన విలియం కేరీ వంటి పండితులు దక్షిణాది భాషలు సంస్కృతం నుంచే పుట్టాయని నమ్మారు. ఆయన శ్రమలో లోపం లేదు. ఎన్నో భాషలు నేర్చి, ఎన్నో పుస్తకాలు అచ్చువేసిన మనిషి. అంటే సంగతులు చాలక కాదు పొరపాటు జరిగింది.

1816లో ఎ. డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం వచ్చింది. దానికి మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక పీఠికా వ్యాఖ్య రాశాడు. అందులో ఆయన చేసిన పని చూడండి. ముందు సంస్కృత ధాతువులను, తెలుగు ధాతువులను పక్కపక్కన పెట్టాడు. అవి కలవలేదు. తర్వాత తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన పెట్టాడు. అవి కలిశాయి. ఆపైన మాటలు, ఆపైన వాక్యం నడక. చివరికి తేల్చింది ఇది: తెలుగు సంస్కృతం బిడ్డ కాదు, తమిళం, కన్నడం, మలయాళం, తుళు, కొడగు భాషలతో కలిసి వేరే కుటుంబం. ఎక్కడో ఉత్తరాన రాజమహల్ కొండల్లోని వారి భాష కూడా ఈ కుటుంబానిదే అన్నాడు.

మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ పట్టికల్లో కొత్త మాట ఒక్కటీ లేదు. అన్నీ జనం నోట నలుగుతున్నవే. కొత్తది ఒక్కటే, వాటిని చేర్చిన తీరు.

2. ఊహ ఎక్కడి నుంచి వచ్చింది?

1840లో విలియం హ్యూయెల్ అనే ఇంగ్లీషు తత్త్వవేత్త ఈ ప్రశ్ననే విజ్ఞానశాస్త్రాలన్నిటి విషయంలో అడిగాడు. సంగతులు ముత్యాల వంటివి, దారం మనసు ఇవ్వవలసిందే అన్నది ఆయన వాదం. ఆయనకు ఇష్టమైన ఉదాహరణ ఖగోళవేత్త కెప్లర్. టైకో బ్రాహే ఏళ్ల తరబడి కొలిచి పెట్టిన అంగారకుడి స్థానాలు కెప్లర్ చేతికి వచ్చాయి. వృత్తం ఆధారంగా తాను వేసిన లెక్కకూ ఆ కొలతలకూ మధ్య ఎనిమిది నిమిషాల కోణం తేడా వచ్చింది. పున్నమి చంద్రుడి వెడల్పులో సుమారు నాలుగో వంతు, అంతే. టైకో కొలతల్లో అంత తప్పు ఉండదని ఎరిగిన కెప్లర్ ఆ చిన్న తేడాను కప్పిపెట్టలేదు, తన లెక్కనే వదులుకున్నాడు. వృత్తం పోయింది, కోడిగుడ్డు ఆకారం పోయింది, చివరికి దీర్ఘవృత్తం కుదిరింది. 1609లో ఆ ఫలితం పుస్తకమై వచ్చింది.

మరో ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ దీనికి ఒప్పుకోలేదు. కెప్లర్ కొత్తగా చేర్చిందేమీ లేదు, దీర్ఘవృత్తం అంగారకుడి నడకలోనే ఉంది, ఆయన దాన్ని వర్ణించాడంతే అన్నాడు మిల్. నావికుడు ఒక నేల చుట్టూ తిరిగివచ్చి ‘ఇది ద్వీపం’ అన్నప్పుడు ద్వీపాన్ని తాను కల్పించలేదు కదా!

మిల్ మాటలో బలముంది. మనసు ఇష్టం వచ్చినట్టు కల్పిస్తే అది శాస్త్రం కాదు. కానీ మిల్ మాట ఒక ప్రశ్నను తాకకుండా వదిలేస్తుంది. దీర్ఘవృత్తం ఆకాశంలో అందరికీ కనిపించేదే అయితే, అంతకు ముందు తరతరాల జ్యోతిష్కులు దాన్ని ఎందుకు చూడలేదు? కెప్లర్ కూడా ముందు వృత్తాన్నే ఎందుకు చూశాడు? ఆ ఆకారం గుణాలను గ్రీకు గణితవేత్త అపొలోనియస్ దాదాపు 1800 ఏళ్ల ముందే రాసిపెట్టాడు. అయితే ఆయన రాసింది శంకువును కోస్తే వచ్చే గీతల గురించి, గ్రహాల గురించి కాదు. ఒక చోట పుట్టిన ఊహను, ఎవరూ అనుకోని ఇంకో చోటికి తీసుకురావడమే కెప్లర్ చేసిన పని.

ఎల్లిస్ చేసింది కూడా అదే. భాషలకు కుటుంబాలుంటాయన్న ఊహ 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చేసిన ప్రసంగంతో ప్రసిద్ధమైంది. అది సంస్కృతం, గ్రీకు, లాటిన్ల గురించి. కానీ ఆ ఊహ ఒక్కటే ఉంటే ఎల్లిస్ పట్టిక తయారయ్యేది కాదు. మాటను విప్పి ధాతువు దాకా వెళ్లడం మన వ్యాకరణ శాస్త్రం ఇచ్చిన విద్య. ఆయన ముందు పరుచుకున్న తెలుగు ధాతువులను కూర్చింది పట్టాభిరామశాస్త్రి. దేశ్య, తత్సమ విభాగాల వివరణకు ఎల్లిస్ ఆధారం చేసుకున్నది మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య గారి ఆంధ్రదీపిక. ఐరోపా నుంచి కుటుంబం అన్న ఊహ, మన పండితుల నుంచి ధాతువు, దేశ్యం అన్న ఊహలు, ఈ రెండూ మద్రాసులో ఒక మేజా మీద కలిశాయి. ఎల్లిస్ పేరు చెప్పుకున్నప్పుడల్లా ఈ ఇద్దరి పేర్లూ చెప్పుకోవడం మన ధర్మం.

కాబట్టి నా మొదటి నిర్ణయం ఇది. సంబంధం వస్తువుల్లోనే ఉంటుంది, మిల్ అన్నట్టు. కానీ ఆ సంబంధాన్ని చూసే ఊహ మనసులో ముందే సిద్ధంగా లేకపోతే అది కనిపించదు, హ్యూయెల్ అన్నట్టు.

3. తేడాయే సాక్ష్యం

ఊహ వచ్చాక సంగతులు మునుపటిలా ఉండవు. ఇది నాకు అన్నిటికన్నా అపురూపమైన విషయం, కొంచెం నిదానంగా చెబుతాను.

కుటుంబం అన్న మాట రాకముందు పోలిక ఒక్కటే మన దృష్టికి వస్తుంది. కన్ను, కణ్, కలిశాయి, సంతోషం. తేడా ఉంటే పక్కన పెట్టేస్తాం. ఊహ వచ్చాక ఇది తలకిందులవుతుంది. తేడాలే గట్టి సాక్ష్యాలవుతాయి, వాటికి క్రమం ఉంటే.

కన్నడం తెలిసినవారు సభలో ఉంటే నాతో పాటు సరిచూడండి. మన పాలు వారికి హాలు. మన పల్లు వారికి హల్లు. పులి, హులి. పంది, హంది. పాము, హావు. పువ్వు, హూవు. ఒక్కొక్క జతనూ విడిగా చూస్తే ‘ఏదో దగ్గరగా ఉంది’ అంటాం. ఆరింటినీ కలిపి చూస్తే మనం పలికే పకారం చోట కన్నడంలో హకారం ఉందని తెలుస్తుంది. ఇంకో వరస చూడండి. మన చెవి వారికి కివి, మన చెరువు వారికి కెరె, మన చిరు వారికి కిరు. ఇకార ఎకారాల ముందు మన చకారం చోట వారికి కకారం. ఇవి యాదృచ్ఛికంగా ఇలా వరస కట్టవు.

ఇక మన రెండు. రోజుకు ఎన్నిసార్లు లెక్కపెడతామో! ‘రెండు’ అంటాం, కాసేపటికి ‘ఇరవై’ అంటాం. రెండు పదులను రెండవై అనకుండా ఇరవై ఎందుకన్నామని అడగం. తమిళుల ఇరండును పక్కన పెడితే జవాబు మొదలవుతుంది. ఇరండు, రెండు. ఇరవు, రేయి. ఇళ, లేత. ఇల్లై, లేదు. ఉరల్, రోలు. తమిళంలో అచ్చు ముందు, రేఫమో లకారమో తర్వాత. తెలుగులో ఆ హల్లు ముందుకు జరిగింది, రెండు అచ్చులు కలిసి ఒకటయ్యాయి. ఇ, అ కలిస్తే ఏ వచ్చింది: రేయి, లేత. ఉ, అ కలిస్తే ఓ వచ్చింది: రోలు. రెండులో ఎకారం తర్వాత జంట హల్లు ఉంది కాబట్టి అది పొట్టిగా నిలిచింది. రాత్రికీ రోటికీ లేతదనానికీ లేమికీ అర్థంలో ఏ చుట్టరికమూ లేదు. కానీ ఒకే ధ్వనిసూత్రం నాలుగింటినీ కట్టింది.

ఈ మార్పును కృష్ణమూర్తి గారు ఎన్నో ఏళ్లు వెంటాడారు. తెలుగు ధాతువుల గ్రంథంలో దాని తీరు వివరించారు. 1978లో ఇంకో మెట్టెక్కి, ఈ మార్పు అన్ని మాటలనూ ఒక్కసారిగా పట్టలేదనీ, తెలుగులోనూ దాని దగ్గరి బంధు భాషల్లోనూ మాట నుంచి మాటకు, ప్రాంతం నుంచి ప్రాంతానికి పాకుతూ వచ్చిందనీ చూపించారు. సూత్రానికి లొంగని మాటలను ఆయన మినహాయింపులని మూలకు నెట్టలేదు. లొంగని మాటలే సూత్రం ఎలా నడిచిందో చెప్పాయి. కెప్లర్ ఎనిమిది నిమిషాల పట్ల చూపిన నిజాయితీ ఇదే.

4. తప్పుడు కట్టు

ఇంతవరకు చెప్పింది వింటే, మనసు కట్టిందల్లా నిజమేనని ఎవరైనా అనుకోవచ్చు. అలా అనుకోకూడదు. మనసుకు కట్టడం అంటే మహా ఇష్టం. కలవని వాటిని కూడా కట్టేస్తుంది.

నీటిని మనం నీరు అంటాం. ఇవాళ్టి గ్రీకులు నెరో అంటారు. అర్థం ఒకటే, ధ్వని దాదాపు ఒకటే. దీని మీద ఒక సిద్ధాంతం లేవదీయడం ఎంత సులువు! కానీ పాత గ్రీకులో నీటికి వేరే మాట ఉండేది. ‘తాజా నీళ్లు’ అనే పదబంధంలో నీళ్లన్న మాట రాలిపోయి, తాజా అన్న విశేషణం మిగిలి, అదే నెరో అయింది. అంటే వెనక్కి వెళ్లే కొద్దీ ఈ రెండు మాటలూ దూరమవుతాయి. నిజమైన చుట్టాలు వెనక్కి వెళ్లే కొద్దీ దగ్గరవుతారు.

పెద్దవారూ ఈ ఆకర్షణకు లోనయ్యారు. 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ప్రచురించాడు. ఆ కుటుంబానికి పేరు నిలబడింది ఆయన వల్లే, ఆ రుణం పెద్దది. అదే పుస్తకంలో ఆయన ఈ కుటుంబాన్ని సిథియన్ అనే మహా సమూహంలో కలపాలని కూడా చూశాడు. మొదటి కట్టు తర్వాతి పరిశోధనలో గట్టిపడుతూ వచ్చింది. రెండోది నిలవలేదు. రెండింటినీ కట్టింది ఒకే మేధావి, ఒకే పుస్తకంలో, ఒకే నమ్మకంతో. అంటే కట్టినవాడి ప్రతిభ గానీ, కట్టినప్పుడు కలిగే ఆనందం గానీ సత్యానికి కొలత కావు.

ఈ మాట ముఖ్యంగా యువతరం కోసం చెబుతున్నాను. తెలుగు ప్రపంచ భాషలన్నిటికీ తల్లి అనీ, ఫలానా ప్రాచీన దేశం పేరు తెలుగు మాటేననీ మనకు రోజూ ఏదో ఒకటి వినిపిస్తూనే ఉంటుంది. భాష మీద ప్రేమతోనే అంటారు. అంత ప్రేమకు తగినంత క్రమశిక్షణ కూడా ఉండాలి. నాలుగు పోలికలు ఏరి నలభై తేడాలను దాచేది ఊహ కాదు, కోరిక.

5. చూడని సంగతి ముందు పరీక్ష

మరి కొలత ఏది? ఊహను కట్టేటప్పుడు మన ముందు లేని సంగతులు తర్వాత ఎదురైనప్పుడు, అవి కూడా ఆ ఊహకే వచ్చి చేరితే కట్టు నిజమైనది. వేరువేరు దిక్కుల నుంచి, వేరువేరు జాతుల సంగతులు వచ్చి ఒక్క చోట కలవడమే అతి బలమైన గుర్తు అని హ్యూయెల్ కూడా అన్నాడు. మన కథలో అలాంటి మూడు పరీక్షలు చెబుతాను.

మొదటిది కాలంలో వెనక్కి. కన్నడ హకారం ఒకప్పుడు పకారమే అయి ఉండాలన్నది సూత్రం చెప్పే మాట. పదో శతాబ్దంలోని పంపకవి కన్నడం తెరవండి. అక్కడ పులి పులిగానే, పాలు పాలుగానే ఉన్నాయి. ఇవాళ్టి మాటలను పోల్చి ఊహించిన దానికి పాత కన్నడ కావ్యం సాక్ష్యం పలికింది.

రెండోది దూరానికి. బలూచిస్తాన్‌లో బ్రాహుయీ అనే భాష ఉంది. చుట్టూ బలూచీ, పష్తో. ఈ భాషకు ద్రావిడ భాషలతో పోలిక ఉందని 1844లోనే లాసెన్ అనే పండితుడు గుర్తించాడు. బ్రాహుయీలు నాలుగు నుంచి పైఅంకెలు ఇరుగుపొరుగు నుంచి అరువు తెచ్చుకున్నారు. మొదటి మూడు మాత్రం సొంతవి. రెండుకు వారి మాట ఇరట్. మన ఇరవైలోని ‘ఇర’ అక్కడ, వెయ్యి మైళ్లకు పైగా దూరాన, ఇంకా బతికి ఉంది.

మూడోది రాతలేని నోటికి. పాత తెలుగు శాసనాల్లో రేఫం వేరు, శకటరేఫం వేరు. చెఱువు, ఏఱు అని బండి ఱతో రాసేవారు. పలుకులో ఆ తేడా మనకు ఎప్పుడో పోయింది. కృష్ణమూర్తి గారు విశాఖ మన్యంలోని కొండ భాషను, కూబి అని కూడా అంటారు, దగ్గర కూర్చుని విన్నారు. 1969లో దాని మీద గ్రంథం ప్రచురించారు. బడి ముఖం చూడని ఆ జనం నోట ఆ రెండు ధ్వనులూ విడివిడిగా వినిపించాయి. శాసనం రాయి మీద దాచుకున్న తేడాను కొండవారు నాలుక మీద దాచుకున్నారు.

రాజాస్థాన కవి కావ్యం, బలూచిస్తాన్ కాపరి లెక్క, మన్యం మనిషి ఉచ్చారణ. ముగ్గురికీ పరిచయం లేదు. ముగ్గురి సాక్ష్యమూ ఒక్క ఊహ దగ్గరే కలిసింది.

6. మనం చేయవలసింది

ఈ వాదం మనల్ని ఒక బాధ్యత దగ్గరికి తెస్తుంది. కృష్ణమూర్తి గారి పరిశోధన మన వంశవృక్షాన్నే సరిదిద్దింది. తెలుగుకు అతి దగ్గరి చుట్టాలు తమిళం, కన్నడం కావు. గోండి, కొండ, కూయి, కువి, పెంగో, మండ భాషలు. మన రెండు గోండిలో రండ్, కొండలో రుండి. తమిళ కన్నడాల్లో ముందు నిలిచిన అచ్చు, ఇక్కడ మనలాగే పోయింది. అంటే వేయేళ్ల కావ్యాలున్న మన భాష పుట్టుక తెలియాలంటే, చాలావరకు నోటనే బతికిన భాషల ముందు వినయంగా కూర్చోవాలి. ఆ భాషలను అనాగరికమని ఎవరైనా తోసిపుచ్చి ఉంటే ఈ కట్టు ఏనాటికీ పడేది కాదు.

సంగతులు ఏరడం తక్కువ పని, సిద్ధాంతం చేయడం గొప్ప పని అనే భేదం మన విద్యాలయాల్లో పాతుకుపోయింది. ఇవాళ నేను చెప్పినదంతా దానికి వ్యతిరేకం. ఊహ లేకపోతే సంగతులు చెదిరి ఉంటాయి. సంగతి లేకపోతే ఊహకు పరీక్షే లేదు. పరీక్ష లేని ఊహకూ మూఢనమ్మకానికీ తేడా కనిపెట్టలేం.

అధ్యాపక మిత్రులకు ఒక విన్నపం. ‘తెలుగు ద్రావిడ భాష’ అని పిల్లల చేత వల్లె వేయించకండి. పాలు, హాలు, పులి, హులి, పంది, హంది అని బోర్డు మీద రాసి ఊరుకోండి. కట్టడం వాళ్లనే చేయనివ్వండి. ఒకరు తప్పుగా కడతారు. అప్పుడు ఆ కట్టుకు లొంగని ఇంకో జత రాయండి. ఒక గంటలో ఆ పిల్లలకు ఎల్లిస్ చేసిందీ, కెప్లర్ చేసిందీ అనుభవంలోకి వస్తుంది. ఆ అనుభవం ఏ శాస్త్రం చదివినా పనికొస్తుంది.

పరిశోధక విద్యార్థులకు ఇంకో విన్నపం. ఆదిలాబాదులో కొలామీ ఉంది. అరకు చుట్టూ కొండ, కువి, గదబ ఉన్నాయి. వాటిని ఇంట్లో మాట్లాడే పెద్దలు ఇంకా ఉన్నారు. వారి పిల్లలు బడికి వెళ్లి మన భాషకో ఒడియాకో మారుతున్నారు. వెళ్లండి, వినండి, ఆ భాషల పిల్లలనే పరిశోధకులుగా తీర్చిదిద్దండి. ఇవాళ మీరు రాసుకునే ఒక క్రియారూపం ఏ ప్రశ్నకు జవాబవుతుందో మీకు తెలియకపోవచ్చు. పట్టాభిరామశాస్త్రి ధాతువులు కూర్చినప్పుడు ద్రావిడ కుటుంబం అన్న మాట కూడా పుట్టలేదు.

ఊహ ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు. సంగతులు రాసి ఉంటే వందేళ్ల తర్వాత పుట్టిన మనసు కూడా వాటిని కట్టగలదు. రాయకముందే పోయిన మాటను ఎంత గొప్ప మనసూ కట్టలేదు. కృష్ణమూర్తి గారి పేరు మీద మనం చేయగల అతి విలువైన పని ఆ మాటలు పోకముందే రాయడం. ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలని మిమ్మల్నందరినీ కోరుతున్నాను.